యార్డు దాటని ఇంజన్లు

చెన్నై నుంచి హౌరా వైపు వెళ్ళే రైళ్ళలో చాలావాటికి విశాఖపట్నంలో ముందు వెనకవుతుంది. వచ్చిన ఇంజన్‌ను విప్పేసి, రెండో చివర ఇంకో ఇంజన్ తగిలిస్తారు. ఈలోగా జనం దిగి టీ తాగుతారు, నీళ్ళ సీసాలు కొంటారు. అప్పటిదాకా రైలు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చున్నవాళ్ళు ఇక తమ వంతు వచ్చిందని సంతోషిస్తారు. కాసేపటికి బోగీలన్నిటి గుండా ఒక చిన్న కుదుపు పాకుతుంది. "ఇంజన్ తగిలింది" అంటారు ఎవరో. షంటింగ్‌తో, అంటే ఇంజన్లనూ బోగీలనూ అటూ ఇటూ జరిపి కలిపే, విడదీసే పనితో, మామూలు ప్రయాణికుడికి ఉన్న పరిచయం దాదాపు ఆ కుదుపు వరకే.

బోగీలను కడిగే లైను నుంచి ప్లాట్‌ఫారం మీదికి తేవాలి. పాడైన వ్యాగన్‌ను వరస మధ్యలోంచి లాగి పక్కన పెట్టాలి. సిమెంటు ఫ్యాక్టరీ సైడింగులో, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైనులో, ఖాళీ వ్యాగన్లు వదిలి, నిండినవి తెచ్చుకోవాలి. ఈ పనులకోసమే పుట్టిన చిన్న ఇంజన్లను అమెరికాలో స్విచర్లు అంటారు, బ్రిటన్‌లో షంటర్లు అంటారు. మన రైల్వే వాడే డబ్ల్యూడీఎస్ అనే గుర్తులో డబ్ల్యూ బ్రాడ్‌గేజ్‌కు, డీ డీజిల్‌కు, ఎస్ షంటింగ్‌కు. పేరున్న ఎక్స్‌ప్రెస్ ఏదీ వీటికి దక్కదు, ఫొటోలు తీసేవాళ్ళూ తక్కువే. అయినా రైళ్ళ పిచ్చి ముదిరినవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో రైలు నమూనాలు కట్టుకునేవాళ్ళు, చాలాసార్లు వీటి దగ్గరే ఆగిపోతారు. కారణం వెతికితే దొరుకుతుంది: పెద్ద ఇంజన్లో "ఇంకాస్త శక్తి, ఇంకాస్త వేగం" అన్న ఆలోచనే ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న ఇంజన్లో మాత్రం బరువు, పొడవు, కిటికీ ఎత్తు, ప్రతి కొలతా ఏదో ఒక ఇరుకులోంచి వచ్చిందే.

ముందు ఆ పని స్వభావం చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడ పక్కన కారు పెట్టినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మన కారు బయటికి రావాలంటే ముందు రెండు కార్లు తీయాలి, వాటిని ఎక్కడో పెట్టాలి, మనది తీశాక మళ్ళీ వాటిని లోపల పెట్టాలి. సైడింగులో వ్యాగన్ల సంగతీ అంతే. పైగా వ్యాగన్ పక్కకు తిరగదు, ముందుకో వెనక్కో మాత్రమే కదులుతుంది. అందుకే ఒక్క వ్యాగన్ కోసం పాతిక కదలికలు చేయాల్సి రావచ్చు. ప్రతి కదలికా కొద్ది మీటర్లే. ఆగడం, పాయింట్ (ఒక లైను నుంచి ఇంకో లైనులోకి మళ్ళించే పట్టాల జోడు) మార్చడం, వెనక్కి రావడం, కప్లింగ్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) విప్పడం, మళ్ళీ ముందుకు. పచ్చజెండా, ఎర్రజెండా పట్టుకున్న పాయింట్స్‌మన్ ఎక్కడ నిలుచున్నాడో డ్రైవర్‌కు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి.

ఇలాంటి పనికి వేగం ఎందుకు? శక్తి అంటే లాగే బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది. వేగం వదులుకుంటే తక్కువ శక్తితోనే బోలెడంత బలం తీయవచ్చు. రేసు గుర్రాన్ని అరకకు కట్టకపోవడానికీ ఇదే కారణం. బ్రిటిష్ రైల్వే 1952 నుంచి 1962 దాకా 996 ఇంజన్లు కట్టించిన "క్లాస్ 08"ను చూస్తే లెక్క తేటగా ఉంటుంది. దాని డీజిల్ శక్తి 350 హార్స్‌పవర్. హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే మల్టీ యాక్సిల్ బస్సుల్లో కొన్నిటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ ఈ ఇంజన్ నిలబడ్డచోటి నుంచి లాగే బలం 35,000 పౌండ్లు, అంటే దాదాపు 16 టన్నులు. చదునైన నేల మీద ఉక్కు పట్టాల పైన ఒక టన్ను బరువును కదిలించడానికి కొద్ది కిలోల బలం చాలు. కాబట్టి వెయ్యి టన్నుల వరసనైనా అది నెమ్మదిగా కదిలించేస్తుంది. గరిష్ఠ వేగం మాత్రం గంటకు 15 నుంచి 20 మైళ్ళే. ఆ వేగంతో ఏ మెయిన్ లైన్ మీదికి వెళ్ళినా వెనక రైళ్ళన్నీ నిలిచిపోతాయి.

ఆ 16 టన్నుల అంకె ఊరికే రాలేదు. చక్రం జారకుండా లాగాలంటే, లాగే బలం ఇంజన్ బరువులో సుమారు మూడో వంతు దాటకూడదు. క్లాస్ 08 బరువు దాదాపు 50 టన్నులు. అంటే ఈ ఇంజన్‌కు బరువు కూడా పనిముట్టే. కార్ల కంపెనీలు కిలోలు తగ్గించడానికి తంటాలు పడుతుంటే, షంటర్ కట్టేవాళ్ళు ఇనుప దిమ్మలు వేసి మరీ బరువు పెంచుతారు. అమెరికాలో దీన్ని ఇంకా దూరం తీసుకెళ్ళి, లోపల డీజిల్ ఇంజనే లేకుండా కాంక్రీటు దిమ్మ, చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లు మాత్రమే ఉన్న బండ్లు చేశారు. వాటిని స్లగ్ అంటారు. పక్కన కట్టిన తల్లి ఇంజన్ నుంచి కరెంటు తీసుకుని పనిచేస్తాయి. నడక వేగంలో తల్లి దగ్గర శక్తి మిగిలిపోతుంది, దాన్ని నేలకు దించడానికి చక్రాలు చాలవు. ఆ చక్రాలను స్లగ్ ఇస్తుంది.

అదే దేశంలో డ్రైవర్ క్యాబ్ ఉన్న స్విచర్‌కు క్యాబ్ లేని ఇంకో స్విచర్‌ను కట్టి అమ్మిన జంటలకు రైల్వేవాళ్ళు "ఆవు, దూడ" అని పేరు పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 1965లో షెఫీల్డ్ దగ్గరి టిన్స్‌లీ యార్డు కోసం క్లాస్ 08 ఇంజన్లనే ఇలా మూడు జతలు కట్టారు. ఆవు, దూడ అన్నంత ముద్దుపేరు వాటికి దొరకలేదు, క్లాస్ 13 అని ఒక నంబరు వచ్చింది.

ఇప్పుడు న్యూయార్క్ సంగతి. డీజిల్ యుగం మొదలైంది వేగంగా దూసుకుపోయే రైళ్ళతో అని చాలామంది అనుకుంటారు. అసలు మొదలైంది న్యూయార్క్ రేవుల పక్కనున్న ఇరుకు యార్డుల్లో. 1902 జనవరిలో పార్క్ అవెన్యూ సొరంగంలో పొగ వల్ల సిగ్నల్ కనబడక ఒక రైలు ఇంకో రైలును గుద్దింది. 15 మంది చనిపోయారు. ఆవిరి ఇంజన్ల మీద నగరంలో మొదలైన కోపం చట్టాలుగా మారింది. 1923లో వచ్చిన కాఫ్‌మన్ చట్టం నగరం మొత్తంలో రైల్వేలు ఆవిరి వదిలేయాలంది, గడువు 1926. పెద్ద స్టేషన్లకు కరెంటు లైను వేయడం సరే. రేవు పక్కన రోజుకు కొన్ని వ్యాగన్లు అటూ ఇటూ జరిపే చిన్న యార్డుకు తీగలు, సబ్‌స్టేషన్లు కట్టడం ఎవరికి గిట్టుబాటు?

సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ అనే కంపెనీకి బ్రాంక్స్‌లో అలాంటి యార్డే ఉండేది. ఆ కంపెనీ పట్టాలకూ ఈ యార్డుకూ మధ్య నీళ్ళు. పట్టాలు పరిచిన పెద్ద బల్లకట్టు మీద వ్యాగన్లను ఎక్కించి, టగ్ బోటుతో లాగి తెచ్చేవాళ్ళు. యార్డు మధ్యలో గుండ్రటి గూడ్సు షెడ్డు, దాని చుట్టూ విపరీతంగా వంపు తిరిగిన పట్టాలు. 1925లో ఇక్కడికి 60 టన్నుల, 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ ఒకటి వచ్చింది. పైకి చూస్తే కిటికీలున్న రేకు పెట్టె. ఆల్కో బండి కట్టింది, జనరల్ ఎలక్ట్రిక్ మోటార్లు ఇచ్చింది, ఇంగర్సాల్ రాండ్ డీజిల్ ఇంజన్ ఇచ్చింది. నంబరు 1000. అమెరికాలో వ్యాపారపరంగా నిలదొక్కుకున్న తొలి డీజిల్ ఎలక్ట్రిక్ ఇంజన్, అంటే డీజిల్‌తో కరెంటు పుట్టించి మోటార్లతో నడిచే ఇంజన్, ఇదే. 1957 దాకా పనిచేసింది, ఇప్పుడు బాల్టిమోర్‌లోని బీ అండ్ ఓ రైల్వే మ్యూజియంలో ఉంది.

బల్లకట్టు పని గురించి ఒక్క మాట. ఒక పక్క పట్టాల మీది వ్యాగన్లన్నీ ఒకేసారి లాగేస్తే బల్లకట్టు రెండో పక్కకు ఒరుగుతుంది. కాబట్టి ఈ పక్క కొన్ని, ఆ పక్క కొన్ని అని లెక్కపెట్టి తీయాలి. ఇంజన్ బరువు బల్లకట్టు మీద పడకుండా, మధ్యలో రెండు మూడు ఖాళీ బల్లబండ్లు తగిలించి దూరం నుంచే లాగేవాళ్ళు. ఇంజన్ నడపడంలో చేయి తిరగడం అంటే ఇక్కడ గంటకు ఎన్ని మైళ్ళు అన్నది కాదు, నీళ్ళ మీద తేలే పట్టాలను ఎంత కదపకుండా ఖాళీ చేశామన్నదే.

ఆ 300 హార్స్‌పవర్ పెట్టె నేర్పిన పాఠం పెద్దది. ఆవిరి ఇంజన్ పని ఉన్నా లేకపోయినా నిప్పు మీదే ఉండాలి, చల్లారితే మళ్ళీ ఆవిరి పట్టడానికి గంటలు పడుతుంది. షంటింగులో సగం సమయం ఎదురుచూపే. అలాంటి పనిలో మీట నొక్కితే ఆగి, మళ్ళీ నొక్కితే లేచే డీజిల్ మొదటి రోజు నుంచే డబ్బు మిగిల్చింది. అందుకే డీజిల్ ముందు యార్డులను గెలుచుకుంది. మన దేశంలోనూ వరస ఇంతే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి వచ్చిన 386 హార్స్‌పవర్ షంటర్లే, అంటే డబ్ల్యూడీఎస్-1 ఇంజన్లే, బ్రాడ్‌గేజ్‌లో నిలబడిన తొలి డీజిళ్ళు. మెయిన్ లైన్ కోసం డబ్ల్యూడీఎం-1 రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పైనే పట్టింది.

ఇంజన్ కొలతను చట్టమే నిర్ణయిస్తే, ఒప్పందమే నిర్ణయిస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే జనరల్ ఎలక్ట్రిక్ 44 టన్నుల ఇంజన్‌ను చూడాలి. 1937లో అమెరికా రైల్వేలకూ కార్మిక సంఘాలకూ ఒక ఒప్పందం కుదిరింది. చోదక చక్రాల మీద 90,000 పౌండ్లు, ఆపైన బరువు పడే ఇంజన్‌లో డ్రైవర్‌తోపాటు ఫైర్‌మన్ కూడా ఉండాలి. బొగ్గు వేసే పనే లేని డీజిల్‌లో ఫైర్‌మన్ ఎందుకని కంపెనీల వాదన, ఉద్యోగాలు పోతాయని సంఘాల భయం. అమెరికా టన్ను 2,000 పౌండ్లు. 45 టన్నులైతే సరిగ్గా 90,000. కంపెనీ ఇంజనీర్లు 44 దగ్గర ఆగారు, 88,000 పౌండ్లు. 1940 నుంచి 1956 దాకా ఈ ఇంజన్లు వందల్లో తయారయ్యాయి. మధ్యలో క్యాబ్, రెండు వైపులా పొట్టి ముక్కులు, ఒక్కో ముక్కులో ఒక క్యాటర్‌పిల్లర్ డీజిల్. రెండూ కలిపి దాదాపు 380 హార్స్‌పవర్. ముక్కులు అంత కిందికి ఉండటం వల్ల డ్రైవర్‌కు రెండు దిక్కులూ బాగా కనిపిస్తాయి. చూడటానికి అందంగా, రెండు పక్కలా సమానంగా ఉండే ఈ ఇంజన్ అందం వెనక ఒక జీతం ఆదా చేయాలన్న లెక్క ఉంది. ఇది తెలిశాక దాన్ని చూసే చూపు కాస్త మారుతుంది.

పేర్లలోనూ చరిత్ర దాగి ఉంటుంది. జనరల్ మోటార్స్ వారి ఎస్‌డబ్ల్యూ వరస స్విచర్లలో ఎస్ అంటే మొదట సిక్స్ హండ్రెడ్, డబ్ల్యూ అంటే వెల్డింగ్ చేసిన చట్రం. ఎన్‌డబ్ల్యూలో ఎన్ నైన్ హండ్రెడ్. తర్వాత శక్తి పెరిగినా అక్షరాలు మారలేదు. ఎన్‌డబ్ల్యూ2 వెయ్యి హార్స్‌పవర్ ఇంజన్, ఎస్‌డబ్ల్యూ1500 పేరులోనే 1500 ఉంది. ఫ్యాక్టరీల్లో తిరిగే మరీ బుల్లి ఇంజన్లను అమెరికా అభిమానులు "క్రిటర్లు" అంటారు, బుల్లి ప్రాణులన్నమాట. క్లాస్ 08ను బ్రిటన్ కుర్రాళ్ళు "గ్రాంక్" అంటారు. ఆ చప్పుడు విన్నవాళ్ళకు పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు.

ఇక వీటికి పని తగ్గడం అన్నిచోట్లా ఒకే దారిలో జరిగింది. ఒక్కో వ్యాగన్ ఒక్కో ఊరికి వెళ్ళే రోజుల్లో యార్డు నిండా వ్యాగన్లను ఏరి వరసలు కట్టడమే పని. మన రైల్వే 1980ల నుంచి రైలంత వ్యాగన్ల వరసను మొత్తంగా ఒకే చోట నింపి ఒకే చోట దింపే పద్ధతికి మళ్ళడంతో పెద్ద మార్షలింగ్ యార్డులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. రెండు చివరలా డ్రైవర్ క్యాబ్ ఉండే ఎంఎంటీఎస్, వందే భారత్ లాంటి రైళ్ళకు ఇంజన్ మార్చే పనే లేదు. మిగిలిన షంటింగ్ కూడా మెయిన్ లైన్ నుంచి దిగిన పాత ఇంజన్లకు పోతోంది. అమెరికాలోనూ అంతే, ముసలి మెయిన్ లైన్ ఇంజన్లే యార్డులో సేద తీరుతున్నాయి. పైగా అక్కడ చాలా యార్డుల్లో డ్రైవర్ క్యాబ్‌లో ఉండడు, నడుముకు రిమోట్ పెట్టె కట్టుకుని కింద నిలబడి నడుపుతాడు. పోర్టులు, ఉక్కు కర్మాగారాలు, థర్మల్ కేంద్రాల్లో మాత్రం షంటర్‌కు ఇంకా చేతినిండా పని ఉంది. విశాఖ పోర్టు, విశాఖ ఉక్కు అందుకు మన కళ్ళముందున్న ఉదాహరణలు.

రైలు నమూనాల లోకంలో కథ తిరగబడుతుంది. ఇక్కడ పెద్ద ఇంజనే ఇబ్బంది. ఇరవై బోగీల ఎక్స్‌ప్రెస్‌ను 1:87 కొలతకు కుదిస్తే కూడా అయిదు మీటర్లు దాటుతుంది. దాన్ని తిప్పడానికి హాలు చాలదు, చివరికి అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పది నిమిషాలు చూశాక పిల్లలే విసుగుపడతారు. షంటింగ్‌కు మాత్రం బీరువా మీద పట్టే పలక చాలు, ఎందుకంటే అసలు యార్డులోనూ పని జరిగేది కొద్ది మీటర్లలోనే.

కానీ చిన్న ఇంజన్ నమూనా చేయడం పెద్దదానికన్నా కష్టం. పొడవు 87వ వంతుకు తగ్గితే బరువు 87 ఘనం వంతుకు, అంటే సుమారు ఆరున్నర లక్షల వంతుకు తగ్గాలి. 44 టన్నుల ఇంజన్ మెట్రిక్‌లో దాదాపు 40 టన్నులు. లెక్క కడితే నమూనా బరువు 61 గ్రాములు రావాలి, ఒక కోడిగుడ్డంత. ఆ బరువుతో చక్రాలు పట్టాలను గట్టిగా తాకవు. తాకకపోతే కరెంటు అందదు, ఎందుకంటే నమూనా ఇంజన్‌కు కరెంటు పట్టాల్లోంచే వస్తుంది. పాయింట్ మధ్యలో రెండు పట్టాలు కోసుకునే క్రాసింగ్ దగ్గర చాలా నమూనాల్లో ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. పన్నెండు చక్రాల పెద్ద ఇంజన్ దాన్ని గమనించకుండానే దాటేస్తుంది. నాలుగు చక్రాల బుల్లి ఇంజన్ సరిగ్గా అక్కడే ఆగుతుంది. అప్పుడు ఆకాశం నుంచి ఒక పెద్ద వేలు దిగి దాన్ని నెడుతుంది. ఆ వేలు కనబడిన క్షణంలో అప్పటిదాకా నమ్మిన యార్డు మళ్ళీ బొమ్మైపోతుంది.

అందుకే ఈ హాబీలో తెలివంతా ఆ వేలును రానివ్వకపోవడంలోనే ఖర్చవుతుంది. ఖాళీ ఉన్నచోటల్లా సీసం, టంగ్‌స్టన్ ముక్కలు కూరుతారు. ప్రతి చక్రం నుంచీ కరెంటు తీసుకునేలా సన్నని రాగి తీగలు పెడతారు. క్రాసింగ్‌ను లోహంతో చేసి దానికీ కరెంటు ఇస్తారు. డిజిటల్ పద్ధతి వచ్చాక కెపాసిటర్లు వచ్చాయి, ఒకటి రెండు సెకన్లు కరెంటు పోయినా ఇంజన్‌ను నడిపిస్తాయి. వీటన్నిటి లక్ష్యం ఒక్కటే, నెమ్మదితనం. మనిషి నడక గంటకు 5 కిలోమీటర్లు అనుకుంటే, 1:87 కొలతలో అది సెకనుకు ఒకటిన్నర సెంటీమీటరు చిల్లర. మీటరు పొడవు పట్టాలు దాటడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషమంతా కుదుపు లేకుండా పాకే ఇంజన్ దొరికితే, దాని పెయింటులో తప్పులు ఎవరూ లెక్కపెట్టరు.

కప్లింగ్ విషయంలో అమెరికా వాళ్ళకు ఒక మేలు జరిగింది. కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవలలు పట్టాల మధ్య పెట్టిన అయస్కాంతం మీదికి రాగానే వాటంతట అవే విడిపోయే కప్లర్లు చేశారు. ఇద్దరి పేర్లలోని కె, డి కలిపి కంపెనీకి కేడీ అని పెట్టుకున్నారు. తెలుగులో ఆ మాటకున్న అర్థం తెలిస్తే ఏమనుకునేవారో. భారతీయ ఇంజన్లు కట్టుకునేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 1:87లో అది 19 మిల్లీమీటర్లు దాటాలి. బజారులో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లదే. దాంతో మన షంటర్ నమూనా మోకాళ్ళు దగ్గరపెట్టుకుని నిలుచున్నట్టు ఉంటుంది. బ్రిటన్ వాళ్ళ ఓఓ కొలతలోనూ ఇదే లోపం, వాళ్ళు దశాబ్దాలుగా సర్దుకుపోతూనే ఉన్నారు.

షంటింగ్‌ను ఆటగా మార్చినవాళ్ళలో ఇద్దరి పేర్లు తప్పక వస్తాయి. అమెరికన్ జాన్ ఆలెన్ 1972లో ప్రచురించిన టైమ్‌సేవర్ అనే ఆటలో అయిదు పాయింట్లు, గడియారంతో పోటీ. సరదాగానే ఉంటుంది గానీ, గడియారం పెట్టగానే ఇంజన్లు పరుగెత్తడం మొదలుపెడతాయి. అసలు యార్డులో పరుగెత్తే షంటర్ అంటే ప్రమాదమే. ఇంగ్లండ్‌లో ఆలన్ రైట్ వేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ మరింత నిజాయితీ ఉన్న ఆట. అందులో పాయింట్లు రెండే, సైడింగులు మూడు. ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. ఇంజన్ తిరుగాడే లైనులో ఇంజన్‌తోపాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. ఎనిమిది చీటీలు డబ్బాలో వేసి అయిదు తీయాలి, వచ్చిన వరసలోనే ఆ అయిదింటినీ పొడుగు సైడింగులో నిలబెట్టాలి. నాలుగు అడుగుల పలక మీద పట్టేస్తుంది.

ఈ ఆటలో ఇంజన్ పొడవు కూడా ఒక నియమమే. క్లాస్ 08 నమూనా పెడితే ఆ లైనులో మూడు వ్యాగన్లు సరిగ్గా ఇముడుతాయి. మోజుపడి మెయిన్ లైన్ ఇంజన్ పెట్టారనుకోండి, రెండే పడతాయి, మూడోది పాయింట్ మీద నిలబడుతుంది, పాయింట్ తిరగదు, ఆట అక్కడితో ఆగిపోతుంది. చిన్న ఇంజన్ ఉంటే మాత్రం చీటీల్లో రాగల వరసలు 6,720. రోజుకు ఒకటి చొప్పున ఆడితే పద్దెనిమిదేళ్ళు పడుతుంది.